రిమూవ్ బటనే లేని ఎక్స్‌టెన్షన్, ప్రతి పేజీలో యాడ్స్. ఫార్మాట్ తప్ప దారి లేదా?

తెనాలి_నెట్‌సెంటర్
మా నెట్ సెంటర్‌లో రెండు సిస్టమ్స్‌లో ఒకటే గోల. క్రోమ్‌లో ఏ సైట్ తెరిచినా పక్కన, కింద, మధ్యలో యాడ్స్. ప్రభుత్వ సైట్లలో కూడా వస్తున్నాయి. హాల్ టికెట్ పేజీ తెరిస్తే అసలు డౌన్‌లోడ్ బటన్ మీద ఇంకో పచ్చ బటన్ వచ్చి కూర్చుంటోంది, పిల్లలు దాన్నే నొక్కేస్తున్నారు. ఏదైనా వెతికితే ముందు ఊరూ పేరూ లేని అడ్రస్‌కి వెళ్లి, అక్కడి నుంచి యాహూలో తేలుతోంది. ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌ల) లిస్టులో నేనెప్పుడూ వినని పేరు ఒకటి ఉంది గానీ దానికి రిమూవ్ బటనే లేదు, ఆఫ్ చేద్దామంటే మీట కదలదు. "మీ అడ్మినిస్ట్రేటర్ ఇన్‌స్టాల్ చేశారు" అని రాసి ఉంది. ఇక్కడ అడ్మినిస్ట్రేటర్‌ని నేనే, నేను వెయ్యలేదు. క్రోమ్ తీసేసి మళ్లీ వేస్తే అదీ మళ్లీ వచ్చేసింది. సర్వీస్ షాపు అతను ఫార్మాట్ ఒక్కటే దారి అంటున్నాడు. దరఖాస్తుల సీజన్, ఒక పూట ఆగినా ఇబ్బందే. దానికంటే పెద్ద టెన్షన్ ఏంటంటే జనం ఇక్కడే ఆధార్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు కొడతారు. దారి తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_బుల్లోడు
ఫార్మాట్ కొట్టెయ్ అన్నా, పీడ పోద్ది.

వరంగల్_సిస్‌అడ్మిన్
కారణం తెలుసుకోకుండా ఫార్మాట్ కొడితే, అదే పెన్‌డ్రైవ్‌లోని అదే సెటప్ ఫైల్‌తో అదే మళ్లీ ఎక్కుతుంది. ముందు మూడు సంగతులు చెప్పండి. క్రోమ్ మూడు చుక్కల మెనూ అడుగున "మీ సంస్థ నిర్వహిస్తోంది" అన్న లైను కనిపిస్తోందా? విండోస్‌తో వచ్చే ఎడ్జ్ బ్రౌజర్‌లో కూడా యాడ్స్ వస్తున్నాయా? ఈ గోల మొదలవకముందు ఎవరైనా కొత్తగా ఏదైనా ఇన్‌స్టాల్ చేశారా?

తెనాలి_నెట్‌సెంటర్
ఆ లైను ఉంది. ఎడ్జ్‌లో రావడం లేదు. ఇన్‌స్టాల్ సంగతి చెప్పలేను, కస్టమర్లే కూర్చుని ఏవేవో దించుకుంటారు. ఎక్కువగా ఫొటో సైజు తగ్గించేవి, పీడీఎఫ్ మార్చేవి.

మాదాపూర్_మిడ్‌నైట్
నా లాప్‌టాప్‌లోనూ ఆ "సంస్థ నిర్వహిస్తోంది" లైను ఉంది. నాకూ వైరస్ ఉన్నట్టేనా??

వరంగల్_సిస్‌అడ్మిన్
@మాదాపూర్_మిడ్‌నైట్ ఆఫీసు లాప్‌టాప్ అయితే అది మామూలే, మీ ఐటీ వాళ్లే పెట్టి ఉంటారు, దాని జోలికి పోకండి. సొంత సిస్టమ్‌లో, మీరేమీ పెట్టకుండా ఆ లైను కనిపిస్తే అప్పుడు అనుమానించాలి. కొన్ని యాంటీవైరస్‌లు కూడా పాలసీ (బ్రౌజర్ ఇలాగే నడవాలని పైనుంచి పెట్టే నిబంధన) పెడతాయి, కాబట్టి లైను చూసి హడలిపోకుండా ఏ పాలసీ ఉందో చూడాలి.

తెనాలి అన్నా, మీ కేసు సుమారుగా అర్థమైంది. కంపెనీలు తమ వందలాది కంప్యూటర్లలో ఒకే ఎక్స్‌టెన్షన్ తప్పనిసరిగా ఉండేలా చూసుకోవడానికి క్రోమ్ ఒక సదుపాయం ఇచ్చింది. పాలసీలో ఆ ఎక్స్‌టెన్షన్ ఐడీ రాస్తే క్రోమ్ దాన్ని తనంతట తనే దించుకుంటుంది, వాడేవాళ్లకు రిమూవ్ బటన్ ఇవ్వదు. ఉద్యోగులు సెక్యూరిటీ టూల్స్ తీసేయకుండా పెట్టిన తాళం అది. యాడ్స్ వాళ్లు ఆ తాళాన్నే మీ ఇంటికి వేశారు. క్రోమ్ తీసి మళ్లీ వేసినా పోకపోవడానికి కారణం ఇదే: పాలసీ ఉండేది విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో, క్రోమ్ ఫోల్డర్‌లో కాదు.

అడ్రస్ బార్‌లో క్రోమ్ అని కొట్టి, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని కొట్టండి. వచ్చే పట్టికలో "ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్" అనే పేరు, దాని ఎదురుగా పొడుగాటి అక్షరాల వరస ఉంటాయి. 32 అక్షరాలు, అన్నీ ఇంగ్లిష్ 'ఏ' నుంచి 'పీ' లోపలే. అది ఆ ఎక్స్‌టెన్షన్ ఐడీ. ఫొటో తీసి పెట్టుకోండి. ఇంకేమీ ముట్టుకోకుండా అది ఉందో లేదో ముందు చెప్పండి.

నల్గొండ_టీచరమ్మ
మా ఇంట్లో సమస్య వేరేలా ఉంది. ఎక్స్‌టెన్షన్ ఒక్కటీ లేదు. కానీ స్క్రీన్ కుడి పక్క అడుగున "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు, వెంటనే రెన్యూ చేయండి" అని పేరున్న యాంటీవైరస్ లోగోతో వస్తూనే ఉంటుంది. బ్రౌజర్ మూసినా వస్తుంది. మా అత్తమ్మ చూసి భయపడి కార్డు తీయబోయారు.

కాకినాడ_కోడర్
@నల్గొండ_టీచరమ్మ మేడమ్ అది వైరస్సూ కాదు, ఎక్స్‌టెన్షనూ కాదు. నోటిఫికేషన్ పర్మిషన్. ఎప్పుడో ఏదో సైట్ "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అని అడిగి ఉంటుంది, ఇంట్లో ఎవరో నొక్కి ఉంటారు. క్రోమ్ వెనకాల నడుస్తూ ఉంటే పైకి మూసినా అవి వస్తాయి. క్రోమ్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లండి. "అలౌ" కింద ఉన్న సైట్లలో మీకు తెలియనివన్నీ తీసేయండి. అదే పేజీలో పైన, సైట్లు నోటిఫికేషన్ల కోసం అడగకుండా చేసే ఆప్షన్ ఉంది, దాన్ని కూడా పెట్టేయండి. ఫోన్‌లోనూ దారి దాదాపు ఇదే. డబ్బు మాత్రం ఎవరికీ కట్టొద్దని అత్తమ్మగారికి గట్టిగా చెప్పండి.

నల్గొండ_టీచరమ్మ
అబ్బో, ఆ లిస్టు చాంతాడంత ఉంది. సినిమా సైట్లు, క్రికెట్ సైట్లు. మా వాడి పనే. అన్నీ తీసేశాను.

బెజవాడ_బుల్లోడు
మీ వాడు ఏ టీమ్ అభిమానో కూడా తెలిసిపోయి ఉండాలి 😀

తెనాలి_నెట్‌సెంటర్
@వరంగల్_సిస్‌అడ్మిన్ ఉంది సార్! మీరు చెప్పిన పేరే, పక్కన అక్షరాల వరస. రెండు సిస్టమ్స్‌లోనూ ఒకే ఐడీ.

డల్లాస్_బాబాయ్
ఈ రోగం ఇవాళ్టిది కాదు. పదేళ్ల కిందట జావా అప్‌డేట్ చేస్తే ఆస్క్ టూల్‌బార్ వచ్చేది, ఇంకేదో వేస్తే బాబిలోన్ వచ్చేది. కొందరి బ్రౌజర్లలో టూల్‌బార్లు ఒకదాని కింద ఒకటి పేరుకుని, అసలు పేజీని కింద వెతుక్కోవాల్సి వచ్చేది. 2015లో లెనోవో లాప్‌టాప్‌ల సంగతి ఇంకా ఘోరం. సూపర్‌ఫిష్ అనే యాడ్ సాఫ్ట్‌వేర్ కొత్త లాప్‌టాప్‌లలో ముందే వేసి అమ్మారు. హెచ్‌టీటీపీఎస్ (తాళం గుర్తుండే సురక్షిత) పేజీల్లో కూడా యాడ్స్ దూర్చడానికి అది తన సొంత రూట్ సర్టిఫికెట్, అంటే ఏ సైట్ అసలుదో కంప్యూటర్‌కి హామీ ఇచ్చే పత్రం, పెట్టింది. అన్ని లాప్‌టాప్‌లలోనూ ఆ సర్టిఫికెట్ రహస్య తాళంచెవి ఒకటే, దాన్ని పరిశోధకులు బయటికి లాగేశారు. అంటే ఆ తాళంచెవి దొరికిన ఎవడైనా, పబ్లిక్ వైఫైలో కూర్చున్న నీకు నకిలీ బ్యాంకు పేజీ చూపించి తాళం గుర్తుతో సహా నమ్మించగలడు. యాడ్స్ కోసం మొదలుపెట్టిన పని ఎక్కడిదాకా వెళ్తుందో చూడండి.

మన దేశం సంగతి కూడా చెప్తా. 2017 జూన్‌లో చెక్ పాయింట్ అనే సెక్యూరిటీ కంపెనీ ఫైర్‌బాల్ అనేదాన్ని బయటపెట్టింది. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలిసి వచ్చి హోమ్ పేజీనీ సెర్చ్‌నీ మార్చేసే సరుకు. ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లు, అందులో ఇండియాలోనే 2.5 కోట్లు, అన్ని దేశాల కంటే ఎక్కువ అన్నారు.

కాకినాడ_కోడర్
బాబాయ్, ఆ 25 కోట్ల లెక్కని మైక్రోసాఫ్ట్ అప్పుడే ఒప్పుకోలేదు, బాగా పెంచి చెప్పారంది. నిజంగా సోకిన మెషీన్లను లెక్కపెట్టలేదు, ఆ సెర్చ్ పేజీలకు వచ్చినవాళ్లని బట్టి అంచనా కట్టారని వాళ్ల వాదన.

డల్లాస్_బాబాయ్
లెక్క తగ్గించుకో, ఒప్పుకుంటా. ఉచిత సాఫ్ట్‌వేర్ వెంట దొంగ సరుకు వస్తుందన్న సంగతి మాత్రం తగ్గదు. సెటప్ చేసేటప్పుడు "రికమెండెడ్" కాకుండా "కస్టమ్" నొక్కి ప్రతి టిక్కూ చూసి తీసేయమని మా పిల్లలకు ఇప్పటికీ చెప్తూనే ఉంటా.

వరంగల్_సిస్‌అడ్మిన్
@తెనాలి_నెట్‌సెంటర్ ఇప్పుడు పని వరసలో చేద్దాం. వరస తప్పితే సాయంత్రానికి మళ్లీ వస్తుంది. చాలామంది నేరుగా రిజిస్ట్రీ శుభ్రం చేస్తారు, దాన్ని మళ్లీ రాసే ప్రోగ్రామ్‌ను మాత్రం వదిలేస్తారు. అందుకే ముందు రాసేవాణ్ని పట్టుకోవాలి.

మొదట నెట్ కేబుల్ పీకండి. విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ లిస్టును ఇన్‌స్టాల్ తేదీ ప్రకారం పేర్చి చూడండి. గోల మొదలైన రోజుల్లో పడిన అనుమానపు పేరు ఏదైనా ఉంటే అన్‌ఇన్‌స్టాల్. తర్వాత టాస్క్ షెడ్యూలర్ (ప్రోగ్రామ్‌లను వాటంతట అవే నడిపించే విండోస్ సాధనం) తెరిచి, లైబ్రరీలో ఒక్కో టాస్క్ "యాక్షన్స్" ట్యాబ్ చూడండి. ఏ ఫైల్‌ను నడుపుతోందో అక్కడ ఉంటుంది. మీ యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటా నుంచి నడిచేవి, పవర్‌షెల్ (విండోస్‌లో ఆదేశాలు నడిపే సాధనం) పేరుతో పొడుగాటి అర్థం లేని అక్షరాలున్నవి కనిపిస్తే తీసేయకుండా ముందు డిసేబుల్ చేసి నాకు చెప్పండి.

ఆ తర్వాతే రిజిస్ట్రీ. మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి బ్యాకప్ పెట్టుకున్నాకే. రిజిస్ట్రీ ఎడిటర్‌లో ఈ దారిలో వెళ్లండి: హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్. హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద కూడా ఇదే దారి చూడాలి. సొంత సిస్టమ్, ఏ కంపెనీదీ కాదు కాబట్టి ఆ క్రోమ్ కీని తీసేయొచ్చు. దానితో ఆగొద్దు, విండోస్‌లో సిస్టమ్32 కింద గ్రూప్‌పాలసీ, గ్రూప్‌పాలసీయూజర్స్ అని రెండు దాచిన ఫోల్డర్లు ఉంటాయి. కొన్ని సరుకులు అక్కడ ఒక ఫైల్ పడేస్తాయి, రిజిస్ట్రీలో తుడిచినా విండోసే దాన్ని చదివి మళ్లీ రాసేస్తుంది. మీరు ఏ గ్రూప్ పాలసీ పెట్టుకోలేదు కాబట్టి వాటిలో ఉన్నవాటిని కూడా బ్యాకప్ తీసి ఖాళీ చేయండి.

చివర్లో డెస్క్‌టాప్ మీద, టాస్క్‌బార్ మీద ఉన్న క్రోమ్ గుర్తు ప్రాపర్టీస్ తెరిచి "టార్గెట్" చూడండి. క్రోమ్ డాట్ ఈఎక్స్ఈ తర్వాత ఏదైనా సైట్ అడ్రస్ తగిలించి ఉంటే అది కొట్టేయండి. ఇవన్నీ అయ్యాక రీస్టార్ట్, పాలసీ పేజీ మళ్లీ చూడటం.

సిరి_సందేహం
ఇంత తతంగం ఎందుకు, ఒక మంచి యాడ్ బ్లాకర్ వేసుకుంటే సరిపోదా?

కాకినాడ_కోడర్
సరిపోదు అక్కా. యాడ్స్ కళ్లకు కనపడకుండా పోవచ్చేమో గానీ ఆ ఎక్స్‌టెన్షన్ లోపలే కూర్చుని ఉంటుంది. "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా మొత్తాన్ని చదవగలదు, మార్చగలదు" అన్న పర్మిషన్ దానికి ఉంటే, మీరు ఫారంలో కొట్టేదంతా అది చూడగలదు. పైగా యాడ్ బ్లాకర్ పేరుతోనే మోసాలు జరిగాయి. 2018 ఏప్రిల్‌లో యాడ్‌గార్డ్ అనే బ్లాకర్ కంపెనీ వాళ్లు క్రోమ్ స్టోర్‌లో ఐదు నకిలీ బ్లాకర్లను పట్టుకున్నారు. అన్నీ కలిపి రెండు కోట్ల మందికి పైగా వేసుకున్నారు, తర్వాత గూగుల్ తీసేసింది. ముందు దొంగను గెంటాలి, బ్లాకర్ తర్వాత.

ఫైర్‌ఫాక్స్_అభిమాని
బ్లాకర్ మాటొచ్చింది కాబట్టి: యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి సత్తువతో కావాలంటే ఫైర్‌ఫాక్స్‌కి రండి. క్రోమ్‌లో మ్యానిఫెస్ట్ వీ3 (ఎక్స్‌టెన్షన్లకు గూగుల్ పెట్టిన కొత్త నియమాలు) వచ్చాక పాతది ఆపేశారు, ఇప్పుడు "లైట్" రకమే దిక్కు. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో కూడా అసలుది పనిచేస్తుంది. వేసుకునేటప్పుడు "ఆరిజిన్" అన్న మాట ఉందో లేదో చూడండి, ఉత్త యూబ్లాక్ అనేది వేరేవాళ్లది.

వంటింటి_వెబ్
ఒక్క మాట చెప్పనివ్వండి. నాకు తెలుగు వంటల సైట్ ఉంది. యాడ్స్ మీదే సర్వర్ ఖర్చు వెళ్తుంది. అందరూ యాడ్ అంటేనే దొంగతనం అన్నట్టు మాట్లాడుతుంటే బాధేస్తోంది. పోయిన ఏడాది ఒక పాఠకురాలు మెయిల్ పెట్టారు, "మీ గోంగూర పచ్చడి పేజీలో ఇంత అసహ్యమైన బొమ్మలా, పిల్లలు చూస్తున్నారు" అని. నా దగ్గర ఏ ఫోన్‌లో చూసినా అవి లేవు. స్క్రీన్‌షాట్ పంపమన్నాను. చూస్తే పదార్థాల జాబితాకీ తయారీ విధానానికీ మధ్య, నేను అసలు యాడ్ పెట్టని చోట, పెద్ద డబ్బా ఉంది. నేను పెట్టిన యాడ్ స్థానంలో కూడా వేరే యాడ్. ఆవిడ బ్రౌజర్‌లో ఏదో కూపన్ల ఎక్స్‌టెన్షన్ ఉంది, అది తీసేస్తే మాయం. అంటే పరువు నాది పోయింది, డబ్బులు వాళ్లకి పోయాయి. ఇలాంటి మెయిల్ పెట్టకుండా మౌనంగా వెళ్లిపోయినవాళ్లు ఎందరో.

ఫైర్‌ఫాక్స్_అభిమాని
@వంటింటి_వెబ్ మీ బాధ న్యాయమే. కానీ అక్కా, తెలుగు సైట్లు చాలావాటిలో ఒక పేరా చదవాలంటే మూడు యాడ్స్ దాటాలి, మూసే గుర్తు వేలికి అందనంత చిన్నగా పెడతారు. జనం విసిగి బ్లాకర్ల వైపు పోతే తప్పు పట్టలేం. మీలా పద్ధతిగా నడిపే సైట్లకు మాత్రం నేను బ్లాకర్ ఆపేస్తాను.

వంటింటి_వెబ్
అది చాలు. నాకు కావలసింది కూడా అదే, పాఠకులు చూసి నిర్ణయించుకోవడం. మధ్యలో ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి నా పేజీ మార్చే హక్కు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

గుంటూరు_ఘాటు
నాకు జరిగింది వింటే ఆశ్చర్యపోతారు. ఇంట్లో కంప్యూటర్‌లో అలాంటి ఎక్స్‌టెన్షన్ తీసేస్తే మర్నాటికి మళ్లీ ఉండేది. పాలసీ లేదు, టాస్క్ లేదు. చివరికి తేలిందేంటంటే షాపులో సిస్టమ్‌లో కూడా నా జీమెయిల్‌తోనే క్రోమ్ లాగిన్ అయి ఉంది. అక్కడ ఉన్నది సింక్ (ఒకే అకౌంట్ ఉన్న అన్ని చోట్లా ఒకేలా ఉంచే సదుపాయం) ద్వారా ఇంటికి, ఇంట్లోది షాపుకి. రెండు చోట్లా సింక్ ఆపి, రెండు చోట్లా తీసేశాక గానీ పోలేదు.

వరంగల్_సిస్‌అడ్మిన్
మంచి పాయింట్ చెప్పారు. తెనాలి అన్నా, మీ రెండు సిస్టమ్స్‌లో ఒకే అకౌంట్ ఉంటే ఇది కూడా చూసుకోండి.

తెనాలి_నెట్‌సెంటర్
మొదటి సిస్టమ్ మొత్తం చూశాను. యాప్స్ లిస్టులో పీడీఎఫ్ మార్చేది ఒకటి ఉంది, పేరు మామూలుగానే ఉంది గానీ పబ్లిషర్ కాలమ్ ఖాళీ. గోల మొదలైన వారమే పడింది. తీసేశాను. టాస్క్ షెడ్యూలర్‌లో "అప్‌డేట్" అనే పేరుతో ఒక టాస్క్, సిస్టమ్ లాగిన్ అయినప్పుడల్లా నడిచేలా పెట్టారు. యాక్షన్స్‌లో పవర్‌షెల్, దాని వెనక కిందికి జరుపుతున్నా అయిపోని అక్షరాల కుప్ప. డిసేబుల్ చేశాను. రిజిస్ట్రీ కీ తీసేశాను, గ్రూప్‌పాలసీ ఫోల్డర్‌లో కూడా ఒక ఫైల్ దొరికింది, మీరు చెప్పినట్టే. రీస్టార్ట్ చేస్తే పాలసీ పేజీ ఖాళీ! ఎక్స్‌టెన్షన్‌కి రిమూవ్ బటన్ వచ్చింది, నొక్కాను. ఇప్పటికి యాడ్స్ లేవు. సింక్ ఏమీ లేదు, క్రోమ్‌లో అకౌంట్ పెట్టలేదు.

బెజవాడ_బుల్లోడు
ఆ రిమూవ్ బటన్‌కి స్వీట్లు పంచాలి అన్నా 🎉

వరంగల్_సిస్‌అడ్మిన్
బాగా చేశారు. కానీ పవర్‌షెల్ టాస్క్ దొరికిందంటే లెక్క మారుతుంది. ఉత్త యాడ్స్ ఎక్స్‌టెన్షన్ అయితే ఇక్కడితో వదిలేయమనేవాణ్ని. లాగిన్ అయినప్పుడల్లా స్క్రిప్ట్ నడిపినవాడు, బయటి నుంచి ఇంకేం దించాడో చెప్పలేం. 2022లో క్రోమ్‌లోడర్ అనేది సరిగ్గా ఇదే పద్ధతిలో వచ్చింది, క్రాక్ చేసిన గేమ్స్, సినిమాల పేరుతో ఐఎస్ఓ (డిస్క్ నకలు) ఫైళ్లలో పెట్టి వదిలారు. కాబట్టి ఇవాళ మాల్‌వేర్‌బైట్స్ యాడ్‌డబ్ల్యూ క్లీనర్, ఆ పైన విండోస్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్, రెండూ చేయండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి. సీజన్ తగ్గాక, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దించిన విండోస్‌తో రెండు సిస్టమ్స్‌నూ కొత్తగా వేసుకోండి. జనం ఆధార్ కొట్టే సిస్టమ్ కాబట్టి చెప్తున్నా. బుల్లోడు చెప్పిన ఫార్మాట్ ఈ కేసులో అవసరమే, కాకపోతే ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలుసు కాబట్టి మళ్లీ రాదు.

బెజవాడ_బుల్లోడు
చూశారా, మొదటే చెప్పా.

తెనాలి_నెట్‌సెంటర్
మరి ఇన్నాళ్లు కస్టమర్లు కొట్టిన పాస్‌వర్డ్‌ల సంగతి?

కాకినాడ_కోడర్
తెలిసినవాళ్లందరికీ చెప్పండి అన్నా, దాచొద్దు. మీ సిస్టమ్‌లో కాకుండా వాళ్ల ఫోన్లో పాస్‌వర్డ్ మార్చుకోమనండి, జీమెయిల్ అయితే మిగతా డివైజ్‌లన్నిటి నుంచి సైన్ అవుట్ కూడా చేయమనండి. పాస్‌వర్డ్ మార్చకుండా సైన్ అవుట్ ఒక్కటే చేస్తే లాభం లేదు. ఎవరి ఖాతాలోనైనా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. ఇకపై కస్టమర్లకు క్రోమ్ గెస్ట్ విండో తెరిచి ఇవ్వండి. అందులో ఎక్స్‌టెన్షన్లు నడవవు, మూయగానే హిస్టరీ, లాగిన్‌లు పోతాయి. దించిన ఫైళ్లు మాత్రం డౌన్‌లోడ్స్‌లోనే ఉంటాయి, అవి మీరే రోజూ తుడవాలి. విండోస్‌లో కూడా వాళ్లకు అడ్మిన్ కాని అకౌంట్ ఇవ్వండి. అడ్మిన్ హక్కు లేకపోతే ఆ మెషీన్ పాలసీ పెట్టడం కుదరదు.

సిరి_సందేహం
నేను వాడేవి అన్నీ మంచి ఎక్స్‌టెన్షన్లే, స్టోర్ నుంచే వేసుకున్నా, లక్షల మంది వాడేవి. నాకు భయం లేదు కదా?

కాకినాడ_కోడర్
గ్రేట్ సస్పెండర్ కూడా మంచిదే అక్కా. ఎక్కువ ట్యాబ్‌లు తెరిచేవాళ్లకు వరం లాంటిది, 20 లక్షల మందికి పైగా వాడారు. 2020లో దాన్ని తయారుచేసినతను వేరేవాళ్లకు అమ్మేశాడు. కొన్నవాళ్లు అప్‌డేట్‌లో ఏవేవో దూర్చారు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ మాల్‌వేర్ అని చెప్పి ఆపేసింది. వాడేవాళ్లు మధ్యలో ఏమీ నొక్కలేదు, ఏమీ ఒప్పుకోలేదు, అప్‌డేట్ దానంతట అదే వచ్చింది. అందుకే వాడనివి తీసేయండి. ఉంచుకున్నవాటికి, డీటెయిల్స్‌లో "సైట్ యాక్సెస్" దగ్గర "క్లిక్ చేసినప్పుడు మాత్రమే" అని పెట్టండి, కుదిరిన చోటల్లా.

సిరి_సందేహం
ఇప్పుడే చూశా. వాతావరణం చూపించేదానికి కూడా అన్ని సైట్లూ చదివే పర్మిషన్ ఉంది! ఎందుకు దానికి? తీసేశా.

నల్గొండ_టీచరమ్మ
మళ్లీ నేనే. కంప్యూటర్‌లో వైరస్ బెదిరింపులు ఆగిపోయాయి, చాలా థ్యాంక్స్. అత్తమ్మ ఫోన్‌లో మాత్రం బ్రౌజర్ తెరవకపోయినా ఫోన్ అన్‌లాక్ చేయగానే ఫుల్ స్క్రీన్ యాడ్ వస్తోంది.

గుంటూరు_ఘాటు
అది బ్రౌజర్ కాదు మేడమ్, ఏదో యాప్ పని. యాడ్ వచ్చిన క్షణంలోనే రీసెంట్ యాప్స్ బటన్ నొక్కండి. ఆ కార్డు మీద యాప్ గుర్తు కనిపిస్తుంది. ఒక్కోసారి గుర్తు తెల్లగా, పేరు లేకుండా ఉంటుంది, అదే దొంగ. సెట్టింగ్స్‌లో "ఇతర యాప్స్ మీద కనిపించడం" అన్న పర్మిషన్ ఎవరెవరికి ఉందో కూడా చూడండి. టార్చ్, వాల్‌పేపర్, ఫోన్ క్లీనర్ లాంటివాటికి అది ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. టార్చ్ ఫోన్‌లోనే ఉంటుంది, వేరే యాప్ అక్కర్లేదు.

నల్గొండ_టీచరమ్మ
దొరికింది! రాశిఫలాల యాప్. అత్తమ్మ ఒప్పుకోవడం లేదు, రేపటి ఫలితం చూశాక తీస్తారట 🙂

తెనాలి_నెట్‌సెంటర్
రెండో సిస్టమ్ కూడా అయిపోయింది. అదే పీడీఎఫ్ ప్రోగ్రామ్, అదే టాస్క్. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో దాని సెటప్ ఫైల్ కూడా దొరికింది. ఫైల్ పేరు చూస్తే, సెర్చ్‌లో పైన "స్పాన్సర్డ్" అని వచ్చే లింకు నుంచి దించినట్టుంది. పీడీఎఫ్ సైజు తగ్గించడానికి ఆన్‌లైన్‌లో కాకుండా సిస్టమ్‌లోనే చేసుకునే మంచి సాఫ్ట్‌వేర్ ఏదైనా చెప్పండి, నేనే వేసి ఉంచుతాను, వాళ్లు వెతుక్కునే పని ఉండదు.

వరంగల్_సిస్‌అడ్మిన్
లిబ్రేఆఫీస్ వేయండి, ఉచితం. వర్డ్ ఫైళ్లను పీడీఎఫ్ చేస్తుంది, చేసేటప్పుడే బొమ్మల నాణ్యత తగ్గించి సైజు తగ్గించొచ్చు. పేజీలు విడదీయడానికి, కలపడానికి పీడీఎఫ్‌శామ్ బేసిక్ ఉంది, అదీ ఉచితమే, కాకపోతే సెటప్ చేసేటప్పుడు ప్రతి పేజీ చదివి టిక్కులు చూసుకోండి. రెండూ వాళ్ల సొంత సైట్ల నుంచే దించండి. ఇంకోటి, ఆ ఎక్స్‌టెన్షన్ ఐడీ ఫొటో తీశారు కదా, క్రోమ్ స్టోర్‌లో దాని పేజీ ఇంకా ఉంటే అడుగున రిపోర్ట్ లింకు ఉంటుంది, అది పెట్టేయండి.

తెనాలి_నెట్‌సెంటర్
పేజీ ఇంకా ఉంది. రిపోర్ట్ పెట్టాను. మీరంతా కూడా పెడితే బాగుంటుంది, ఐడీ ఫొటో కింద పెడుతున్నా.